హిస్కే అంచుకి జరిగిన రోజు

ఫ్రీస్‌లాండ్‌లో మంచు గురించి ఎన్ని కోతలైనా కోయవచ్చు. మా తాత స్కేట్లు కట్టుకుని కాలవ మీద బయల్దేరితే నీడ వెనకబడిపోయేదని, అది ఇల్లు చేరేసరికి ఆయన కాఫీ తాగి కప్పు కూడా కడిగేసేవాడని చెప్పవచ్చు. ఒక చలికాలం పాలు పితుకుతుంటే ధార గాల్లోనే గడ్డకట్టి, బకెట్టులో పుల్లల్లా గలగలమని పడిందని చెప్పవచ్చు. ఎవరూ కాదనరు. విన్నవాళ్లు ఇంకో రెండు కలిపి పక్క ఊరికి చేరవేస్తారు. మంచు మందం గురించి మాత్రం అబద్ధం ఆడకూడదు. మందం తప్పు చెప్పినవాడికి మా ఊరు రైడ్వెర్ట్‌లో కాఫీ పోయరు. మొహమాటానికి పోసినా బిస్కెట్ల డబ్బా మూత తియ్యరు.

ఆ మందం చెప్పే పదవి హిస్కే వీర్స్‌మాది. చర్చి వెనక పచ్చికబీడులో శీతాకాలం రాగానే నీళ్లు పెడతారు. అవి గడ్డకట్టాక హిస్కే తన బర్మాతో అక్కడక్కడా తొలిచి, మందం కొలిచి, జెండా ఎత్తితే తప్ప ఊళ్లో ఒక్క కాలు మంచు మీద పడదు. ఆమెకి ముందు ఆమె తండ్రి గెర్లోఫ్ మంచు పెద్ద. హిస్కే పుట్టినప్పుడు ఏడవలేదట, కిటికీ వైపు చూసి మందం ఎంతని అడిగిందట. ఇది గెర్లోఫ్ చెప్పిన మాట. మందం సంగతిలో తప్ప మిగతా ఏ సంగతిలోనూ ఆయన్ని నమ్మాల్సిన పని లేదు.

చలికాలపు పదవితో కడుపు నిండదు కాబట్టి హిస్కే పొద్దున్నే బస్సెక్కి పట్నం వెళ్తుంది. అక్కడ పాలిమర్ల మీద పనిచేసే ఒక పరిశోధనశాల ఉంది. దాని నేలమాళిగలో నిలువెత్తు తెల్లటి స్తంభంలా ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది. చేరిన మొదటి వారమే హిస్కే దానికి క్లాస్కే అని పేరు పెట్టింది. గెర్లోఫ్‌కి సంతలో బహుమతి తెచ్చిన ఆవు పేరది. పేరు ఊరికే పెట్టలేదు. తలుపు ధడాలున వేస్తే ఆ యంత్రం, పాలు బిగబట్టిన ఆవులా, చేపదు. వీధిలో బస్సు పోతే బెదురుతుంది. కొత్త చెయ్యి పడితే తన్నుతుంది. హిస్కే వచ్చి, ఏమీ ముట్టుకోకుండా కాసేపు పక్కన కూర్చుంటుంది. అప్పుడు చేపుతుంది. ఇచ్చేవి నలుపు తెలుపు బొమ్మలు. ఆ ఆవూ నలుపు తెలుపే.

క్లాస్కే కింద పెట్టి చూసేవి నానో కణాలు. ప్లాస్టిక్‌కి దూరపు చుట్టాలైన పాలిమర్లని నీళ్లలో కలిపి, మందులు మొయ్యడానికని, పైమేడల్లో ఉన్న రసాయనశాస్త్రం వాళ్లు గుండ్రటి కణాలు చేస్తారు. ఎంత చిన్నవంటే, తల వెంట్రుకని అడ్డంగా కోసి, ఆ కోత మీద మనిషికొక కణం లెక్కన నిలబెడితే ఫ్రీస్‌లాండ్ జనాభా అంతటికీ చోటుంటుంది. ఇది కోత కాదు, లెక్కే. అవి నీళ్లలో కుదురుగా ఉండవు. ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుపోతాయి. అందుకని నీళ్లతో సహా, రెప్పపాటులో గడ్డకట్టించాలి. చొక్కా గుండీ కన్నా చిన్నదైన రాగి జల్లెడ మీద ఒక చుక్క వేసి, అద్దుడు కాగితంతో అద్ది, కన్నాల్లో మిగిలిన పల్చటి పొరతో సహా గడ్డకట్టించే ద్రవంలో చటుక్కున ముంచాలి. నీళ్లకి పలుకులు కట్టే తీరిక ఉండదు, అద్దంలా నిలిచిపోతాయి. కణాలు ఎక్కడివక్కడ దొరికిపోతాయి.

విద్యంతా ఆ అద్దటంలో ఉంది. తక్కువ అద్దితే పొర మందమై, బొమ్మ మసి పూసినట్టు వస్తుంది. ఎక్కువ అద్దితే పొర చిరిగి చేతికి జల్లెడ మిగులుతుంది. ఆ పని తనంతట తనే చేసే ఖరీదైన యంత్రం ఒకటి ఆ గదిలోనే ఉంది; హిస్కే దాని మీద తన తడి కోటు ఆరవేస్తుంది. తను చేత్తోనే అద్దుతుంది. అద్దేటప్పుడు, స్కేటింగు పందెంలో ఊరివాళ్లు గట్టు మీదనించి వేసే కేక ఒకటి పెదాల మధ్య సన్నగా లాగుతుంది. కేక తెగినచోట కాగితం తీసేస్తుంది. అలా వచ్చిన మంచు గాలంత తేటగా ఉండేది. కాలవల మీద అన్నిటికన్నా మేలైన మంచుని మా వాళ్లు నల్లమంచు అంటారు, అడుగున ఈదే చేప కళ్లు కూడా కనబడేటంత తేటది. నల్లమంచుని ప్రయోగశాలలో పండించినది ప్రపంచంలో తనొక్కతేనని హిస్కే చెప్పుకునేది. డెన్మార్కు నించి, జర్మనీ నించి ఆ విద్య చూడటానికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు అదే మాట అనేవాళ్లు. వాళ్ల చేత అనిపించందే ఆమె రైలు ఎక్కనిచ్చేది కాదు. గది తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసిపెట్టుకుంది: ఇక్కడ కనబడకపోతే లేనట్టే.

ఆ తలుపు తట్టి లోపలికి వచ్చింది వీర్లె. గెంట్ నగరం నించి వచ్చిన పిల్ల. దక్షిణాది మర్యాదల్లో పెరిగినది కాబట్టి అందర్నీ మీరు, మీరు అంటుంది. ప్రొఫెసర్ని కూడా పేరు పెట్టి నువ్వనే మా ఉత్తరాదిలో ఆ మర్యాద వింతగా ఉండేది; ఆమె కాఫీ యంత్రంతో కూడా మీరు అనే మాట్లాడుతుందని నవ్వుకునేవాళ్లు. ఆమె చాలా ఏళ్లుగా కీళ్లవాపు మందు మొయ్యగల కణాలు చేస్తోంది. వాటిలో పెద్దవి లోపల డొల్లగా, బుడగల్లా ఉండాలి. మందు కూర్చునేది ఆ డొల్లలో. చిన్నవి గట్టి గింజలు, దేనికీ పనికిరావు. కాంతిని వేసి కణాల సైజు చెప్పే యంత్రం పైన ఉంది. అది పెద్దవి ఉన్నాయంది. హిస్కే బొమ్మలు తీసింది. కన్నం తరవాత కన్నం, నడిమధ్య, తేటగా, ఆవాలు చల్లినట్టు అన్నీ చిన్నవే.

"ఇవి నావి కావండి," అంది వీర్లె.

"నీ సీసాలోదే తీశాను పిల్లా. పక్కింటివాళ్ల సీసా ముట్టుకోలేదు."

"పైన లైటు యంత్రం పెద్దవి ఉన్నాయంటోంది."

"అది సంతలో దళారి లాంటిది. ఒక్క ఏనుగు కనబడితే సంతంతా ఏనుగులే అంటుంది. నాలుగు దుమ్ముముద్దల్ని చూసి మురిసిపోయుంటుంది."

వీర్లె తెర మీద కన్నం అంచుని వేలితో చూపించి, అక్కడ నల్లగా ఉన్నదేమిటని అడిగింది.

"అంచు. మందంగా, మురిగ్గా ఉంటుంది. రెల్లు పక్కన ఎవరైనా స్కేటింగు చేస్తారా?"

తనకి స్కేటింగు రాదని వీర్లె చెప్పింది. అసలు జబ్బు అదేనని హిస్కే తేల్చేసింది.

పరిశోధనశాల పెద్ద ఓనో చెడ్డవాడు కాదు. కానీ హిస్కే బొమ్మకి ఎదురు నిలిచి పందెం కాసిన ప్రతిసారీ ఓడిపోయినవాడు. బొమ్మలు చూసి, హిస్కేకి కనబడలేదంటే లేనట్టే అన్నాడు. పెద్దవి లేకపోతే మందు మొయ్యటం లేదు, మందు మొయ్యకపోతే డబ్బిచ్చే సంస్థ మనిషి ఇంకో యూరో ఇవ్వడు. గురువారం పొద్దున సమావేశంలో ఆ పని మూసేస్తారని తేలింది. వీర్లె హిస్కే గదికి వచ్చి, శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలండి అని చెప్పి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్యాద హిస్కే గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అయినా తన బొమ్మ తప్పు కాదన్న ధీమా ముల్లు కన్నా పెద్దది. నాలుగు గుటకలు వేసి ఊరికి బస్సెక్కింది.

ఆ వారమే చలి ముదిరింది. మంగళవారానికి బీడంతా బిగిసింది. హిస్కే సెలవు పెట్టి బర్మాతో తొలిచి చూస్తే, గట్ల పక్కన మంచు మందంగా ఉంది, అక్కడ నీళ్ల లోతు తక్కువ. మధ్యలో పాత కాలవ పోయినచోట లోతు ఎక్కువ. అక్కడ నల్లగా, నున్నగా, చూడముచ్చటగా, కానీ పల్చగా ఉంది. అలాంటి ఏడాది మా ఊళ్లో ఒక ఏర్పాటుంది. మధ్య భాగం పిల్లలకి. బరువున్నవాళ్లంతా అంచున తిరగాలి. ఎవరు బరువు, ఎవరు కాదు అన్నది హిస్కే కంటిచూపుతో చెబుతుంది. ఆ చూపుకి అప్పీలు లేదు. ఊళ్లో రొట్టెలు కాల్చే డౌవ ఆ ఏర్పాటుకి గీటురాయి. అతని నడుముకి తాడు కట్టి ముందు అతన్ని అంచున నడిపిస్తారు. డౌవని మోసిన మంచు ఎవర్నైనా మోస్తుంది. తాడు పట్టుకునేవాళ్లు మాత్రం, అతను మునిగితే తాడు వదిలేద్దామని ముందే మాట్లాడుకుంటారు.

మంచు మోసింది. జెండా లేచింది. ఆ బుధవారం ఊరంతా మంచు మీదే ఉంది. పిల్లలు మధ్యలో; అంచున గొర్రెల మందలా ఒకర్నొకరు ఒరుసుకుంటూ పెద్దవాళ్లు. గట్టు మీద పాకలో బఠానీ సూపు, వేడి చాకొలేట్ పాలు. రాజధాని నించి ఒక పత్రికవాడు వచ్చి, పాక కప్పెక్కి ఫొటో తీసుకుని, సూపు తాగి వెళ్లిపోయాడు. సాయంత్రం కల్లా ఫొటో పత్రిక వాళ్ల వెబ్‌సైట్లో పడింది. అందరి ఫోన్లలోకీ పాకింది. నల్లటి మంచు మీద పిల్లలు, పిల్లలు, పిల్లలే. కింద ఇలా రాశాడు: రైడ్వెర్ట్‌లో పిల్లలు మంచు మీద, పెద్దలు హీటర్ల పక్కన.

పక్క ఊరు యోర్నమ్ వాళ్లకి ఏడాదికి సరిపడా పండగ దొరికింది. చీకటి పడగానే ఎవరో వచ్చి మా జెండా కర్రకి పసిపిల్లల పాలపీకల దండ వేలాడదీసి పోయారు. పాకలో ఊరి పరువు గురించి పంచాయితీ మొదలైంది. డౌవ ఫోను ఎత్తి పట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు.

"పొద్దున్నించీ నేను మంచు మీదే ఉన్నాను. నేను ఒకచోట ఉన్నానంటే మామూలుగా కనబడతాను. ఈ ఫొటోలో నేనున్నానా, ఒక్క పెద్దమనిషైనా ఉన్నాడా?"

హిస్కే పగలబడి నవ్వింది. నవ్వుతూనే, ఫొటోవాణ్ణి తిట్టి లాభం లేదని చెప్పింది.

"వాడు నడిమధ్య తీశాడు డౌవా. అక్కడ మంచు నల్లగా, తేటగా, అద్దంలా ఉంది. అంచున మీరంతా గుంపుగా, మసగ్గా ఉన్నారు. ఎవడు తీస్తాడు? నేనైనా మధ్యలోనే తీసేదాన్ని."

ఆ మాట నోరు దాటాక ఆమె నవ్వు ఆగిపోయింది. కాఫీలో ముంచిన బిస్కెట్టు ముంచినట్టే ఉండిపోయి, నాని, విరిగి అడుక్కి పోయింది. ఒంట్లో బాగాలేదా అని డౌవ అడిగాడు. ఆమె అతన్ని కింది నించి పైదాకా, అతను మొదటిసారి కనబడినట్టు చూసింది. తర్వాత ఇంకేమీ మాట్లాడకుండా బర్మా భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. హిస్కే మాట్లాడకుండా వెళ్లటం ఎవరూ ఎరగరు కాబట్టి, మంచు పగిలిందేమోనని ఇద్దరు బయటికి పోయి చూసి వచ్చారు.

జల్లెడ కన్నంలో నిలిచిన నీటి పొర కూడా ఆ బీడు లాంటిదే. అంచున మందం, మధ్యలో పల్చన. పల్చన కావాలని, ఇంకా పల్చన కావాలని ఆమె అద్దింది. నడుమ పొర ఎంత పల్చబడిందంటే, పెద్ద బుడగలు అందులో పట్టవు. పట్టనివి ఎటు పోతాయి? డౌవ ఎటు పోయాడో అటే. ఆమె కాగితం వాటిని అంచుకి నెట్టింది, ఆమె కన్ను అంచుని మురికి అని వదిలేసింది. నల్లమంచు పండించానని ఊరేగిన మనిషి, తన మంచు ఎవర్ని మొయ్యలేదో ఒక్కసారి కూడా అడగలేదు.

గురువారం మొదటి బస్సులోనే పట్నం చేరింది. వీర్లె తన బల్ల తుడిచి సామాన్లు అట్టపెట్టెలో సర్దుతోంది. హిస్కే ఆ సీసా కావాలంది. ఎందుకని అడిగితే, నోరు మూసుకుని వెంట రమ్మంది. జల్లెడ మీద చుక్క వేసింది. కాగితం తాకించి, కేక సగంలోనే తెంచేసి తీసేసింది. ఆ చెయ్యి జీవితంలో మొదటిసారి కావాలని చెడ్డ మంచు చేసింది. వంటలో పేరు మోసిన మనిషి తెలిసి తెలిసి అన్నం మాడ్చినట్టుంది ఆమె మొహం.

క్లాస్కే పక్కన కూర్చుని కాసేపు ఆగింది. ఆవు చేపింది. బొమ్మ మసకగా, పొగలో తీసినట్టు వచ్చింది. కన్నం మధ్యలో ఆవాలు ఉన్నాయి, ఎప్పటివే. హిస్కే మెల్లగా అంచుకి జరిగింది. తనెప్పుడూ ఆగని ఆ నల్లటి చోట ఆగింది. మసకలోంచి ఒక వలయం తేలింది. దాని పక్కన ఇంకోటి. గోడలు స్పష్టంగా, లోపల డొల్లగా, భుజాలు ఒరుసుకుంటూ, కన్నం చుట్టూ గట్టు పట్టుకుని నిలబడ్డ పెద్ద పెద్ద బుడగలు. ఊరంతా అక్కడుంది.

"ఇవి నీవేనా?" అంది హిస్కే.

వీర్లె తెర దగ్గరికి వంగి వలయాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. "నావేనండి," అంది.

"ఇంత బరువైనవాళ్లకి తల్లివి, ఇంకా అండి ఏమిటి. పద."

సమావేశం మొదలైపోయింది. ఓనో మూసివేత మాట ఎత్తబోతుండగా హిస్కే తలుపు తోసుకుని లోపలికి వచ్చి బొమ్మని గోడ మీద తెరకెక్కించింది. గదిలో చాలామందికి అది చూడగానే అర్థమైంది: అది పెద్ద కణాల బొమ్మే కాదు, హిస్కే పాత బొమ్మ తప్పని చెప్పే బొమ్మ. డబ్బిచ్చే సంస్థ మనిషి గొంతు సవరించుకుని, మరి ఇన్నేళ్లుగా ఈ గదిలోంచి వచ్చిన మిగతా బొమ్మల మాటేమిటని అడిగాడు. ఓనో కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ ప్రశ్నకి జవాబు దొరక్కపోతే హిస్కే పేరు ఆ పూటతో సరి.

హిస్కే కూర్చోలేదు.

"నా బొమ్మలు అబద్ధం చెప్పలేదు. నేను నిలబడ్డ చోటు తప్పు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. నేను మందం తప్పు చెప్పలేదు, అసలు మందం చెప్పనే లేదు. మా ఊళ్లో మందం చెప్పకుండా జెండా ఎత్తినవాడు మంచు పెద్ద కాడు. పాత జల్లెడలు, పాత బొమ్మలు అన్నీ తీస్తాను. అంచులు చూస్తాను. తప్పు బొమ్మ అందుకున్నవాళ్ల దగ్గరికి నేనే వెళ్లి చెబుతాను. అప్పటిదాకా నాకు బిస్కెట్టు పెట్టకండి."

ఓనో మెల్లగా నవ్వాడు. ఇన్నేళ్లలో హిస్కే మీద పందెం నెగ్గే అవకాశం వచ్చిన ఒక్కగానొక్క రోజున తను పందెం కాయలేదని వాపోయాడు. వీర్లె పని మూతపడలేదు. సంస్థ మనిషి బొమ్మ ఇంకోటి అడిగి తీసుకుని, మంచు ఇంత చెడ్డగా ఉన్నా భలే ఉందన్నాడు. చెడ్డ మంచు చెయ్యటంలో కూడా ఈ దేశంలో తనని మించినవాళ్లు లేరని హిస్కే అక్కడికక్కడే చెప్పేసింది.

పాత బొమ్మలు ఆ శీతాకాలమంతా తీసింది. చాలావరకు నిలబడ్డాయి, ఆ కణాలు చిన్నవే, పల్చటి మంచులో హాయిగా పట్టేవే. కొన్ని నిలబడలేదు. వాటి తాలూకు మనుషుల దగ్గరికి, రైలెక్కి పోవాల్సిన చోటికి కూడా, తనే పోయి చెప్పింది. బహుమతి ప్రకటించడానికి వచ్చినదానిలా చెప్పేసరికి వాళ్లకి కోప్పడాలో కాఫీ పొయ్యాలో తెలిసేది కాదు. కాఫీ పోశారు. డబ్బా మూత కూడా తీశారు. ఇప్పుడు ఆమె గదిలో తీసే ప్రతి బొమ్మ కిందా మంచు మందం ఉంటుంది, పక్కన అంచు బొమ్మ ఒకటి ఉంటుంది. డెన్మార్కు వాళ్లూ అలాగే చేస్తున్నారు. అంచున నిలబడే పెద్ద కణాలకి ఆ గదిలో డౌవలని పేరు పడింది. జర్మనీ నించి వచ్చినవాళ్లు ఆ మాట పలకలేక, అయినా పలుకుతారు. తలుపు మీద పాత రాత పోయింది. ముందు మందం చెప్పండి అని ఉంది.

మరుసటి చలికి వీర్లె మా ఊరు వచ్చింది. వంటింటి కుర్చీ ఒకటి ముందుకి తోసుకుంటూ, పడుతూ లేస్తూ స్కేటింగు నేర్చుకుంది. ఏ చోట తిరగాలని ఆమె అడిగితే హిస్కే ఎగాదిగా చూసి, అంచుకి పో అంది. పిల్ల అక్కడికక్కడ, మీరు మానేసి, నువ్వు అని తిట్టింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

డౌవ తన రొట్టెల దుకాణంలో ఆ మొదటి అంచు బొమ్మకి చట్రం కట్టించి, పత్రిక ఫొటో పక్కన వేలాడదీశాడు. లోపల డొల్లగా ఉంటుందట కదా అని ఎవరైనా వెటకారం చేస్తే, డొల్ల కాదు, మందు మోసే చోటు అని సర్దిచెబుతాడు. అది తన బొమ్మేనని, యంత్రంలో పట్టక బాగా చిన్నది చేసి తీశారని కొత్తవాళ్లకి చెబుతాడు. అసలు ఎంత ఉంటుందని అడిగితే రెండు చేతులూ బార్లా చాపుతాడు. అది మందం సంగతి కాదు కాబట్టి ఊరు ఊరుకుంటుంది.